సూదులమ్మ గదిలో అనకూడని మాట

పెద్ద డాక్టరుగారికి, మా వార్డు వాళ్లకి, ఇవాళ మనం తలుచుకుంటున్న సూదులమ్మగారి అన్నయ్యగారికి, ఆవిడ చేత సూదులు పొడిపించుకున్న మీ అందరికీ నమస్కారం.

ఆవిడ పక్కన ట్రే పట్టుకుని పనిచేసిన నర్సుని నేను. మైకు ముందు నిలబడటం నాకు చేతకాదు. కాలు ఒకచోట నిలవటం లేదు. ఆవిడ ఉంటే "కుదురుగా నిలబడవే తల్లీ" అనేవారు. ఇక అనరు. అది నాకింకా మింగుడు పడటం లేదు.

ఆవిడ గదిలో ఒక మాట అనకూడదు. "ఓర్చుకోండి." ఆపరేషనయ్యాక కుట్లు మానినా, దుప్పటి తగిలితే నిప్పు తగిలినట్టు ఎగిరిపడేవాళ్లకి మనమంతా చెప్పేది ఆ మాటే కదా? ఆవిడ చెప్పరు. "గాయం మానింది, నరానికి ఆ కబురు ఇంకా అందలేదు" అంటూ సన్నటి సూదులు గుచ్చి, వాటికి తీగలు తగిలించి, కొద్దికొద్దిగా కరెంటు పెంచేవారు. ముందు తన చేతి మీద చూసుకునేవారు.

అదిగో, వెనక వరసలో మన టైలరుగారు. నలుగురికీ చొక్కాలు కుట్టే మనిషి, కడుపు ఆపరేషనయ్యాక ఒంటిమీద చొక్కా వేసుకోలేకపోయారు. ఒకరోజు సూదులు పెట్టగానే "అబ్బ, హాయిగా ఉందమ్మా" అన్నారు. తీరా చూస్తే తీగ ఊడిపోయి ఉంది. కరెంటే అందలేదు. ఇంకొకరైతే గుట్టుగా ఊరుకుందురు. ఆవిడ పడీ పడీ నవ్వి, ఆయనకే చెప్పేశారు. "ఇవాళ్టిది మన గొప్ప కాదు" అన్నారు. తర్వాత్తర్వాత ఆయనకి నిజంగానే తగ్గింది. చొక్కా వేసుకునే వచ్చారు, చూడండి.

పెద్ద డాక్టరుగారూ, ఆ గది ఉంచాలా తీసేయాలా అని మీరు ఆలోచిస్తున్నారు. ఉంచమని అడగడానికే వచ్చాను. మరి ఇప్పుడు ఈ సంగతి చెప్పాలా, వద్దా? పొద్దుట్నుంచీ తేల్చుకోలేక వరండాలో తిరుగుతున్నాను. చెబుతాను. మొన్న ఆవిడకే ఆపరేషనయ్యాక అదే నొప్పి పట్టుకుంది. ఆవిడ సూదులు ఆవిడకి నేనే పెట్టాను. తగ్గలేదు. చోటు మార్చాను, కరెంటు మార్చాను. తగ్గలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నాకు పని చెయ్యలేదని అందరికీ చెప్పు. నామీద ప్రేమతో అబద్ధమాడావంటే, రేపు తగ్గనివాళ్లు నోరు విప్పరు" అన్నారు.

చెప్పాను. అయినా గది అడుగుతున్నాను. తగ్గినవాళ్ల కోసం అడుగుతున్నాను. తగ్గలేదని చెప్పుకోవడానికి ఒక చోటు కావలసినవాళ్ల కోసం కూడా అడుగుతున్నాను.

ఇక అందరం లేచి కాసేపు మౌనంగా నిలబడదాం. నిలబడితే నొప్పి పుట్టేవాళ్లు కూర్చోండి. మధ్యలో పుడితే పైకి అనండి. ఆవిడ కోసమని ఎవరూ ఓర్చుకోవద్దు.