ఎనిమిది మిల్లీమీటర్ల ముద్ర

పైపుల కార్ఖానా గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్లో ప్రెజర్ మామ నోరు విప్పాడంటే, గ్లాసులో టీ చల్లారాల్సిందే గానీ ఒక్కడూ లేచేది లేదు. ఆ మధ్యాహ్నం బల్ల మీద కూర్చున్నది ముగ్గురు: మామ, వెల్డరు, మామ సొంత చెల్లెలి కొడుకు. ఈ అల్లుడు పరీక్షలో పైపుల్లోకి నీళ్ల ప్రెజర్ ఎక్కించే పంపు ఆపరేటరు. ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు. పోయిన మంగళవారం పరీక్షలో పైపు పగిలి రెండు వేళ్లు ఎగిరిపోయాయి. మామ రాసిచ్చిన హద్దు దాటి ప్రెజర్ ఎక్కించాడని కంపెనీ అతనికే సంజాయిషీ కాగితం ఇచ్చింది. మూడు గంటలకి విచారణ. అందులో గట్టెక్కకపోతే ఉద్యోగమూ వేళ్ల దారే పడుతుంది. మామ చేత ఒక్క మాట చెప్పించుకుందామని వచ్చి, సందు దొరక్క అలాగే కూర్చున్నాడు.

మామకేం, కాలు మీద కాలు వేసుకుని మొదలెట్టాడు.

“పైపు ఎన్ని కేజీల ప్రెజర్ దగ్గర పగులుతుందో చెప్పడం పెద్ద విద్యేం కాదయ్యా. ఉక్కు బలాన్ని రెట్టింపు చెయ్యి, మందంతో హెచ్చవెయ్యి, బయటి వ్యాసంతో భాగించు, అయిపోయింది. ఒకసారి పెద్ద ఇంజనీరు మూడు రోజులు కూర్చుని లెక్క కట్టి ఐదు వందలన్నాడు. నేను స్పానరుతో ఒక్కటి తట్టి, చెవి ఆనించి, నాలుగు వందల తొంభై తొమ్మిదీ ముప్పావన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ముప్పావు దగ్గరే పగిలుంటుంది,” అన్నాడు వెల్డరు.

“పగలబోయింది! అప్పుడు నేను దాని మీదే కూర్చుని ఉన్నా.”

“పైపు మీదా!” టీ పోస్తున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

“మరి కుర్చీ ఎవడిచ్చాడమ్మా నాకు? కింద పైపు గుడగుడమంటోంది, గేజీ ముల్లు గజగజమంటోంది, ఇంజనీరు గోడ దూకేశాడు, నేను మాత్రం పైపు వీపు మీద చెయ్యేసి, ‘తొందరపడకే తల్లీ, ఇంకా పావు కేజీ ఉంది’ అన్నా. ఆగింది! మర్యాద తెలిసిన పైపు. నేను బీడీ ముట్టించి, రెండు దమ్ములు లాగి, నిదానంగా దిగి, ‘ఊఁ, ఇక కానీ’ అన్నా. ఆ దెబ్బకి షెడ్డు రేకు లేచిపోయింది. లేచే రేకు మీదే సుద్దముక్కతో లెక్క రాసి పంపించా. అది పోయిపోయి ఎక్కడ దిగిందో తెలుసా? పొరుగూరి కార్ఖానాలో! వాళ్లు ఇప్పటికీ ఆ రేకుని గోడకి కొట్టుకుని, అది చూసే పైపులు చేస్తున్నారు.”

వెల్డరుకి పొలమారి టీ చొక్కా మీద పడింది. అల్లుడికీ నవ్వు రాబోయింది గానీ, లేని వేళ్లు సలిపాయి.

“అయితే మామా, మందం కొలిచే పరికరం కూడా నీకు దండగే,” అంటూ వెల్డరు ఎగదోశాడు.

“కొలతా! ఈ చెవి ఉండగానా? పైపు మీద కొట్టిన మందం ముద్ర చూస్తా, తడతా, రాస్తా. ముప్పై ఏళ్లలో ఆ డబ్బా మూత తీసినవాణ్ని కాదు.”

అల్లుడు గ్లాసు కింద పెట్టాడు. “మంగళవారం పైపుకీ అంతేనా మామా?”

“దానికీ అంతే! దానికేమన్నా కొమ్ములా?” అనేశాడు మామ. అన్నాక గానీ ఏమన్నాడో అతని చెవికే ఎక్కలేదు.

వెల్డరు నవ్వు ఆగిపోయింది.

“అది కొత్త పైపు కాదు మామా,” అన్నాడు అల్లుడు. “ ఆరేళ్లు ఇసుక నీళ్లు మోసి లోపలంతా అరిగి వచ్చింది. ముద్ర ఎనిమిది మిల్లీమీటర్లని ఉంది. పగిలిన ముక్క నేను చూశా, మందం మూడు కూడా లేదు. నువ్వు ఎనిమిదికే లెక్క కట్టి మూడు వందల ఇరవై అన్నావు. అందులో సగం, నూట అరవై దాకా ఎక్కించమని రాసిచ్చావు. నూట పద్దెనిమిదికే పగిలింది. గేజీ కూడా ముక్కలైంది. ముల్లు ఎక్కడుందో చూసింది నేనొక్కణ్నే.”

మామ బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

“కొలవలేదన్న ఆ ఒక్క మాట విచారణలోకొచ్చి చెప్పు మామా,” అన్నాడు అల్లుడు.

“ఒరేయ్, నాకింకా పది నెలల సర్వీసుందిరా.” మామ గొంతు తగ్గించాడు. “అయినా నేనేదో సరదాకి కోతలు కోస్తుంటా. నా మాట ఎవడు నమ్ముతాడు చెప్పు?”

“నోటితో చెప్పింది నేనూ ఏనాడూ నమ్మలేదు మామా. నువ్వు కాగితం మీద రాసింది నమ్మి పంపు తిప్పాను.”

గేటు దగ్గర నుంచి వాచ్‌మన్ కేకేశాడు. అల్లుడు లేచాడు. వెల్డరు కూడా లేచి, “నేను విన్నాను, పద,” అంటూ అతని వెనకే నడిచాడు. మామ లేవలేదు.