లార్డ్ పెలికన్ పాట ఎవరిది?

కాపీరైట్ ఆఫీసు మూసే వేళకు కౌంటరు ఇవతల ఒక ముసలావిడ, అవతల గుమాస్తా అమ్మాయి మాత్రమే మిగిలారు.

“ఇంకా పది నిమిషాలే ఉంది ఆంటీ. పేర్ల నమోదుకి కొత్త చట్టం ఇచ్చిన గడువు ఇవాళ్టితో సరి. రాసిందెవరో తేలని పాటల్ని ఎవరైనా వాడుకోవచ్చట. ఈ పాట కోసం హోటల్ వాళ్లు కాచుక్కూర్చున్నారు.”

“ఒక మనిషి ప్రాణం తీసిన పాట, హోటల్ ప్రకటనకా? లార్డ్ పెలికన్ పాట అని చెప్పాగా.”

“లార్డ్ పెలికన్ అని పేరు పెట్టుకుని ఆయన పాడాడంతే. రాసినవాళ్ల పేరు కావాలి.”

“కాలిప్సో పాటగాళ్ల డేరాల్లో రాసినవాళ్ల పేరు ఎవరూ బయటపెట్టరు తల్లీ.”

“ఈ పాటతో మంత్రిని వెక్కిరించాడనేగా ఆయన్ని జైల్లో వేశారు? రాసిందెవరో చెబితే వదిలేస్తామన్నారట కూడా.”

“చెప్పలేదు. నాలుగేళ్లకి అక్కడే పోయాడు.”

“రాసినవాళ్లు వెళ్లి ఒప్పుకోలేదా? ఎంత పిరికివాళ్లో.”

“చూడ్డానికి కూడా వెళ్లలేదు. అప్పట్నుంచీ ఆ పాటలు పాడే కార్నివాల్ పండగ వస్తే తలుపులేసుకుని ఒంటరిగా కూర్చోవడమే.”

“అయితే మీకు తెలుసన్నమాట. పేరు చెప్పండి, రాసుకుంటా.”

“యూలలీ బాప్టిస్ట్.”

“అది మీ పేరు ఆంటీ. దరఖాస్తు పెట్టినవాళ్ల గడిలో ఇందాకే రాశాను.”

“పాట రాసినవాళ్ల గడిలోనూ అదే రాయి.”