యెహెజ్కేలు ఎంచిన కాలెట్లు

కూర్చో సుకుమార్. తాత ఎంచిన కాలెట్లే తాతని ముంచాయట కదా, ఇప్పుడు నన్నేవి కొనమంటారు అనడిగావు చూడూ, ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎవడు చెప్పాడు నీకు? ఊరంతా అంటారా? అంటారులే, ఊరికేం తెలుసు. ఇనుము చెక్కే మిల్లింగ్ మిషను మీద కట్టర్ని బిగించి పట్టుకునేది కాలెట్టే కదా. అది జారిందంటే ఎంత గొప్ప మిషనైనా దండగ. రాజమండ్రిలో ఎవరు కాలెట్లు కొన్నా, టూల్ హోల్డర్లు కొన్నా మీ తాత యెహెజ్కేలుని వెంటబెట్టుకు వెళ్ళాల్సిందే. షాపువాడు టీ తెప్పిస్తే తాగేవాడు కాదు. 'ముందు సరుకు చూడనివ్వండి' అనేవాడు. కాలెట్ చీలికల్లో గోరు పెట్టి గీరేవాడు, గరుకు తగిలితే పక్కన పెట్టేసేవాడు. మిగిలినవాటిలో కడ్డీ బిగించి తిప్పి, వంకర పట్టించే డయల్ ముల్లు వణికితే అదీ అవతలికే. హోల్డరైతే నీలంరంగు పూసి మిషన్లో దూర్చి తీసి, రంగు సమంగా అంటిందో లేదో చూసేవాడు. షాపువాడికి ఒళ్ళు మండేది. 'పెళ్ళిచూపుల్లో కూడా ఇంత చూడరండీ' అనేవాడు. నిజమే, కడియంలో మీ నాయనమ్మ రెబెక్కని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఈయన తలే ఎత్తలేదు. పక్కన కూర్చున్నది నేనే కదా. వాళ్ళ నాన్న నర్సరీలో అంట్లు కట్టేవాడు, ఏం చెయ్యి అది... సరే, ఎక్కడున్నాం?

ఆ, తాతని ముంచిన సంగతి. కొవ్వూరు శ్యాంబాబు అని, ఆయన లాంచీ గేర్‌బాక్సు పెట్టె మీ తాత కొట్టుకి మిల్లింగ్‌కి తెచ్చాడు. సోమవారం పొద్దున్న. నా వెల్డింగ్ కొట్టు పక్కదే, నేనూ నిలబడి చూస్తున్నా. బాగానే తెగుతోంది, ఉన్నట్టుండి శబ్దం మారింది. కట్టర్ కాలెట్లోంచి కిందకి జారి పెట్టెని దున్నేసింది. ఇక ఎందుకూ పనికిరాదు. 'ఊరందరికీ ఎంచిపెడతావు, నీ కాలెట్టే పట్టుకోలేదేంటయ్యా' అన్నాడు శ్యాంబాబు. మీ తాత మిషనాపి, కాలెట్ ఊడదీసి, లోపల వేలు తిప్పి వాసన చూశాడు. నాకూ వచ్చిందా వాసన. కొబ్బరినూనె. వానాకాలం గోదారి గాలికి ఉక్కు ఊరికే తుప్పు పడుతుంది కదా, శనివారం సాయంత్రం మీ నాయనమ్మ కొట్లో కూర్చుని ఒక్కోదానికీ లోపలా బయటా నూనె రాసింది. లోపల నూనె ఉంటే పట్టు జారుతుందని ఆవిడకేం తెలుసు పాపం. అప్పుడే ఆవిడ క్యారేజీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మీ తాత ఆవిణ్ణి చూశాడు. చూసి, 'కాలెట్టే నాసిరకమండీ, ఎంచడంలో నేనే దెబ్బతిన్నాను' అన్నాడు.

ఆవిడ వెళ్ళాక నేను అడిగేశాను, నూనె సంగతి ఎందుకు దాచావురా అని. 'కామేశం, పెళ్ళయి వచ్చాక ఈ కొట్లో ఆవిడ ఇష్టపడి ముట్టుకున్న పని అదొక్కటే. వద్దని ఎలా అనను? నువ్వూ అనకు' అన్నాడు. పిచ్చి మాలోకం. ఆ తర్వాత కాలెట్లు ఎంచమని ఒక్కడూ పిలవలేదు. షాపువాడైతే నా సరుకుకి వంక పెడతావా అని గుమ్మం తొక్కనివ్వలేదు, వాడి తప్పూ లేదు. శనివారం ఆవిడ నూనె రాసేది, సోమవారం ఈయన చీకటితోనే వచ్చి కిరసనాయిల్లో కడిగి పొడిగుడ్డతో తుడుచుకునేవాడు. పోయేదాకా అంతే. నాకు ఇప్పటికీ బాధేరా. ఒక్కమాట చెబితే ఆవిడ అర్థం చేసుకునేది కాదా? సమాధి దగ్గర కూడా ఎవడో అన్నాడు, మనిషి మంచివాడే గాని సరుకు చూడ్డం రాదని. ఆవిడ తలొంచుకుని వింది. నేను గుప్పెడు మట్టి వేసి పక్కకొచ్చేశాను.

అందుకే మీ తాత చూసినట్టు చూసి కొను. కొన్నాక... ఆగు. అదిగో మీ నాయనమ్మ. చేతిలో సీసా ఏంటి? నువ్వు కొత్తవి తెస్తున్నావని ఎవరో చెప్పుంటారు. పొడిగుడ్డ ఒకటి దగ్గర పెట్టుకో, అంతే, ఇంకేం మాట్లాడకు. రా చెల్లెమ్మా, ఇలా కూర్చో. ఏం లేదమ్మా, పోలవరం పైన వానలు పడుతున్నాయట, ఈసారి గోదారి వరదనీటితో తొందరగా ఎర్రబడేలా ఉందని చెబుతున్నా వీడికి.