గోవిందు పడవలో మేకలకు ఉప్పు పెట్టినాడు

ఏంది నాగేషూ, గండికోటకాడ పడవెక్కినావంట? రొంత సేపటికే కడుపులో తిప్పిందా! నవ్వొస్తాండాది నాకు. కూర్చో. మీ తాత, మీ జేజినాయన గోవిందు ఎక్కినాడు సూడు, అదీ పడవంటే. మస్కట్‌లో మా సేఠుది. ఇంజను లేదు, ఉత్త తెరచాప. వాళ్ళ తాతలు గాలితోనే తీరం పొడుగునా పోయినారంట, ఈయప్పకూ నెలల తరబడి అట్లనే పోవాలని పంతం. తీరా మమ్మల్ని ఎక్కించి, ముందర ఊర్లో కలుస్తానని తాను జీపులో పాయె! దుడ్లున్నోళ్ళ సరదా, ఏం జేస్తాం. పాలకని మేకల్ని ఎక్కించినాడు, మేకలకని మన లింగాల ఊరి గోవిందును, వంటకని నన్ను. పెన్నలో ఇసక తప్ప నీళ్ళు సూడనోడప్పా వాడు. ఎక్కింది మొదలు తెరచాప కొయ్యను కావలించుకోని "నూరన్నా, ఈ సముద్రానికి అడుగు యాడుందన్నా" అంటాడు.

మేకలకూ తిప్పింది కడుపు. మేత ముట్టవు, కండ్లు తేలేసినాయి. వీనికి గుబులు. "ఇవి చస్తే సేఠు నన్ను ఇంటికి తరుముతాడన్నా, లక్ష్మీదేవికి ఏం మొగం సూపిస్తా" అని ఒకటే పోరు. ఆఁ, లక్ష్మీదేవంటే మీ జేజే, అప్పటికి కొత్త పెండ్లికూతురు. ఆయమ్మ చేసే రాగిసంగటుండాదే... యాడ నిలిపినా? మేకలు. మనకాడ మేక మేత ముట్టకుంటే ఏం జేస్తారు, నువ్వే చెప్పు. అదే! అరచేతిలో ఉప్పు పెడతారు. నాకి, కుంటలో కడుపునిండా తాగి, మేతకు దిగుతాది. వీడూ అదే జేసినాడు. నా వంట ఉప్పంతా నాకించినాడు. లేచినాయి, మేసినాయి, వీని మొగం సూడాల ఆ పొద్దు! ఇంగ నీళ్ళకు అరుస్తాయే, పోస్తానే ఉన్న్యాడు. యాడివి? మనుషులు తాగే పీపాయిలవి. అడుగంటేదాకా ఎవరమూ సూసుకోలా.

అప్పుడే గాలి పడిపోయింది. పడవ కదల్దు. ఒడ్డు కనపడతానే ఉండాది, ఏం లాభం, ఒట్టి బండలు, చుక్క నీళ్ళుండవు. పడవ నడిపే సరంగు పీపాయి మూత తీసినాడు. "అరే, పానీ కిధర్ గయా!" నీళ్ళు యాడికి పోయినాయని అరిస్తే పడవంతా దద్దరిల్లింది. ఆ పొద్దు నుంచి మనిషికి పూటకో గిలాసు, పోసేది నేనే. అందరూ గాలి కోసరం ఆకాశం సూస్తాంటే, వీడు మా మొగాలు సూస్తాండాడు. ఎవరన్నా దగ్గితే ఉలిక్కిపడతాడు. "ఇంతమంది ఉసురు నాకే కదన్నా" అంటాడు. నాకు శానా భయమేసిందప్పా వాణ్ణి సూసి. పీపాయిలో నీళ్ళు సూస్తే దిగాల్సినంత దిగలా. ఏందబ్బా అని కాచుకుంటి. వీడు తన గిలాసు మళ్ళీ దాంట్లోనే వంచేస్తాండాడు! పెదాలు పగిలి నెత్తురు. యా అల్లా! చొక్కా పట్టుకుంటి. "తాగు, లేకుంటే నేనూ తాగను, ఇద్దరం పోదాం" అని నా గిలాసు నోట్లో పెడితి. రెండు గుక్కలు మింగి ఎక్కెక్కి ఏడ్చినాడు.

వచ్చిందిలే గాలి, రాకుంటే నువ్వు యాడ ఉందువు? కానీ అప్పటికింకా రాలా. చావే ఖాయమనుకున్న్యాం. నా చెయ్యి పట్టుకోని ఏమన్న్యాడో తెలుసునా? "నూరన్నా, నువ్వు బతికి ఊరికి పోతే, సముద్రంలో పడి పోయినాడని చెప్పు. మేకల సంగతి తెలీక నీళ్ళన్నీ తాపేసినాడని మాత్రం చెప్పాకన్నా. మేకలు కాసేటోళ్ళం, మావోళ్ళు తలెత్తుకోలేరు." బతికొచ్చినాడు, ముసలోడయి నీడపట్టున పోయినాడు. నేను యాడా నోరు తెరవలా. ఈ పొద్దు సూడు, నీ దగ్గర వాగేస్తి...

ఏందట్ల సూస్తాండావు? ఆ ఫ్యాను రొంత ఈపక్కకు తిప్పుపో.