తాత పక్కన జాగ

2006 నవంబరు. సమాధుల పండుగ రేపనగా సారపాక శ్మశానంలో పెద్దాయన తన తండ్రి సమాధికి సున్నం వేస్తుంటే, తమ్ముడి కూతురు ఖమ్మం కోర్టులో తీసుకున్న నకలు పట్టుకుని నేరుగా ఆయన ముందుకొచ్చి నిలబడింది.

“పెద్దనాయనా, తాత వీలునామా దొరికింది.”

“గిప్పుడేం పని దానితోని? పంపకాలు ఎన్నడో అయిపాయె.”

“ఆస్తి కోసం పోలే. మా నాయనమ్మ ఎవరో తెలుసుకుందామని పోయిన.”

“చెప్పిన గద! ఆరోగ్యమ్మ మా ఇంట్ల వంటమనిషి. ఆమె పోతే నీ నాయనను జాలిపడి సాకినం.”

“తాత గట్ల రాయలే. నిన్ను కన్నతల్లి పోయినంక చర్చిల పెండ్లి చేసుకున్న భార్య అని రాసిండు. తనను ఆమె పక్కన్నే పాతిపెట్టమన్నడు. ఆ వీలునామా కోర్టుల పెట్టింది నువ్వే.”

ఆయన కుంచెను సున్నం డబ్బాలో పడేశాడు.

“వంటమనిషని చెప్పి ఆమెను శ్మశానం కంచె అవతల పెట్టినం. అయ్యను గక్కడెట్ల పెడ్తం? నలుగురు ఏమనుకుంటరు?”

“ఆ నలుగురు రేపొస్తరు. ఫాదర్ ముందటనే చదువుత.”

“అయ్య సమాధి తవ్వి బొక్కలు బయటికి తీస్తవా ఏంది?”

“తవ్వ. తాత పక్కన నీకని ఆపుకున్న జాగల ఆమె పేరు మీద శిలువ నాటుత.”

“మరి రేపు నేను పోతే?”

“కంచె అవతల మస్తు జాగ ఉంది, పెద్దనాయనా.”