పిచ్చుకకి మా వీధి ఓట్లు

"ఆ టీవీ సౌండు కాస్త తీసెయ్ చెల్లెమ్మా, నీకు దణ్ణం పెడతా. పిచ్చుక పాడేసింది, మనం విన్నాం, ఏడ్చేవాళ్ళు ఏడ్చారు. ఇక ఆ మిగిలిన ఇద్దరూ ఎలా పాడితే మనకెందుకు? ఆ, అలాగ. ఇప్పుడు ప్రాణం కుదుటపడింది. ఫోన్లన్నీ డబ్బాలో పడ్డాయా? మాస్టారూ, మీదేదీ? లోపలి జేబులో దాచారు, నేను చూడలేదనుకుంటున్నారు. బస్సులో పాసు లేనివాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదా? తీయండి. ఇదిగో చెల్లెమ్మా, నీది కూడా."

టీ కొట్టావిడ పాలగిన్నె దగ్గర్నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, తన ఫోను కూడా బిస్కెట్ల డబ్బాలో పడేసింది. కండక్టరు డబ్బాకి మూత పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. పాటల పోటీ ఆఖరి రోజది. పోటీలో ఉన్న ముగ్గురిలో ఒకమ్మాయి అతని మేనకోడలు. ఇంట్లో పిలిచే పేరు పిచ్చుక. ఇప్పుడు వీధంతా అలాగే పిలుస్తోంది.

"ఎవరి ఓటు వాళ్ళం వేసుకుంటే అయిపోయేది కదన్నా," అన్నాడు టైలరు.

"వేసుకున్నారుగా పోయిన వారం. ఏమైంది? చెప్పమంటావా అందరి ముందూ? నువ్వు కళ్ళజోడు మిషను మీద మర్చిపోయొచ్చి, పిచ్చుకకని చెప్పి ఆ గిటారు కుర్రాడికి వేశావు. మాస్టారేమో పిల్లలంతా బాగా పాడారు, ఒకళ్ళని నొప్పించడమెందుకని అందరికీ తలో ఓటూ వేశారు. అది పాటల పోటీయా, పప్పుబెల్లాలా? పిల్ల పోటీలోంచి పోయే అంచుదాకా వెళ్ళి ఆగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అందుకే ఈసారి ఫోన్లు నా దగ్గర. నేను రైట్ అన్నాక అందరం ఒక్కసారే నొక్కుతాం. విడివిడిగా వేస్తే అక్కడ లెక్కపెట్టే మిషను పట్టించుకోదయ్యా. చినుకులు అనుకుని ఊరుకుంటుంది. మూకుమ్మడిగా పడితే ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటుకి ఒకటికి పది వేసుకుంటుంది. ఇది బయట ఎక్కడా అనకండి."

"అన్నయ్యా, ఓట్లు ఏడింటిదాకానే," అంది టీ కొట్టావిడ. "ఆ పిల్ల బేకరీలో పని మానుకుని మరీ వెళ్ళింది. గెలిస్తే ఏడాది పాటు పాటలు పాడే ఒప్పందం. లేకపోతే రేపొద్దున్నే మళ్ళీ కౌంటరు దగ్గర బన్నులు కట్టాలి. ఆ ఓనరు మొహం మీదే అన్నాడంట. ముందు ఓటేసేద్దాం, తర్వాత ఎంతసేపైనా కూర్చుందాం."

"ఏడింటికి ఇంకా చాలా టైముంది. ఆ మిగతా ఇద్దరూ పాడాలి, జడ్జీలు మాట్లాడాలి, మధ్యలో సబ్బుల ప్రకటనలు రావాలి. అసలు ఓటంటే ఊరికే నొక్కేయడం కాదు. దేనికి నొక్కుతున్నామో తెలియాలి. పిచ్చుక ఇక్కడిదాకా ఎలా వచ్చిందో మీలో ఒక్కరికైనా తెలుసా? తెలీదు. టీవీలో చూసి తెలుసనుకుంటారు, అదే నాకు ఒళ్ళు మండేది.

మొదటిరోజు ఎంపికలకి తీసుకెళ్ళింది నేనే. దాని నాన్నకి సెలవు లేదు, నాకూ లేదు, కానీ మేనమామని కదా. స్టూడియో ముందు చాంతాడంత క్యూ. పిల్ల గొంతు పట్టేసింది, వణికిపోతోంది. నేను ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు పోసిచ్చి ఒకటే మాట అన్నా. బస్సులో చివరి సీటువాడికి వినపడేట్టు పాడమ్మా, చాలు అన్నా. అంతే, లోపలికెళ్ళి పాడింది, తీసుకున్నారు."

"ఆ మాట నిజమే. పిచ్చుక కూడా చెప్పింది," అన్నారు మాస్టారు.

"చెప్పిందా? చెప్తుంది మరి, నా మేనకోడలు. కానీ రెండో రౌండు సంగతి చెప్పి ఉండదు. చెప్పొద్దన్నాను. ఆ పాటలో చివర ఒక పెద్ద ఆలాపన ఉంది, మధ్యలో ఊపిరి తీసుకోడానికి సందులేదు. రిహార్సల్లో పిల్ల సగంలో ఆగిపోతోంది. ఏం చెయ్యాలి? నేను ప్రేక్షకుల్లో ముందు వరసలో కూర్చున్నా. జీవితమంతా విజిల్ ఊదిన ఊపిరితిత్తులు ఇవి, మాటలా? ఆలాపన మొదలవగానే నేను ఊపిరి పీల్చి పట్టుకున్నా. అది వదిలింది."

"నువ్వు పీలిస్తే అదెలా వదుల్తుందన్నా?"

"మేనమామ పోలిక అని ఊరికే అన్నారా? రక్తసంబంధం టైలరూ. నీకు కొలతలు తప్ప ఏం తెలుసు. నేను పీలుస్తూనే ఉన్నా, అది పాడుతూనే ఉంది. నా పక్కన కూర్చున్నావిడ గాలి చాలక విసనకర్ర తీసింది. వెనక వరసలో ఇద్దరు బయటికెళ్ళిపోయారు. జడ్జీలు ముక్కున వేలేసుకున్నారు, ఆ గాలి కొరతకో పాటకో నాకు తెలీదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

డబ్బాలో ఒక ఫోను మోగింది. దాని వెంటే ఇంకొకటి.

"నాదే అనుకుంటా. ఇటివ్వు అన్నయ్యా," అంది టీ కొట్టావిడ.

"ఉండవమ్మా. ఒకళ్ళ కోసం మూత తీస్తే అందరూ చేతులు పెడతారు. ఇక్కడ క్రమశిక్షణ అన్నది లేకుండా పోయింది. ఇంతకీ ఎక్కడున్నాను? ఆ, మూడో రౌండు. మైకు పోయింది. మైకొక్కటే కాదు, కరెంటే పోయింది, హాలంతా చీకటి. కీబోర్డు వాడు చేతులెత్తేశాడు, తబలాయన చీకట్లో తబలా అనుకుని జడ్జీ గారి తలకాయ తడుముతున్నాడు. పిల్ల స్టేజీ మధ్యలో ఒక్కత్తీ నిలబడిపోయింది. జేబులో చెయ్యి పెడితే విజిల్ తగిలింది. డ్యూటీ దిగి అటే వచ్చానుగా. దానికి శ్రుతి అందిద్దామని ఒకటి ఊదా. చాల్లేదు, ఇంకోటి ఊదా. రెండు ఊదితే ఏమవుతుంది?"

"రైట్ రైట్," అన్నాడు టైలరు, తనకి తెలియకుండానే.

"అదీ. స్టేజీ కదిలింది."

పొయ్యి మీద పాలు పొంగబోయాయి. ఆవిడ పరుగెత్తి మంట తగ్గించింది.

"స్టేజీ కదలడమేమిటయ్యా," అన్నారు మాస్టారు విసుగ్గా. "దానికి చక్రాలున్నాయా?"

"ఎందుకుండవు మాస్టారూ? సెట్టింగులు జరుపుకోడానికి కింద చక్రాలుంటాయి. మీరు చూడనిదల్లా లేదనుకుంటే ఎలా? కదిలింది. జడ్జీలు కుర్చీలతో సహా, వాద్యాలవాళ్ళు వాద్యాలతో సహా, మధ్యలో మా పిచ్చుక పాడుతూనే. గేటు దాటింది, రోడ్డెక్కింది. నేను వెనక ఫుట్‌బోర్డు లాంటిది ఒకటుంటే దాని మీద వేలాడుతూ, పక్కకి, పక్కకి అని అరుస్తున్నా. మొదటి స్టాపులో జనం బస్సే అనుకుని ఎక్కేశారు. ఎక్కినవాళ్ళు దిగుతారా? పల్లవి వదిలి ఎవడు దిగుతాడు?"

"టికెట్లు కొట్టావా?" అడిగాడు టైలరు. బెంచీ మీద ముందుకి జరిగాడు.

"టైలరూ, నువ్వు కూడానా?" అంది టీ కొట్టావిడ. "మన ఫోన్లు మళ్ళీ మోగుతున్నాయి, వినపడట్లా? ఆ టీవీ ముందు నుంచైనా జరుగన్నయ్యా, టైమెంతయిందో చూడనీ."

నిజంగానే డబ్బాలో ఫోన్లన్నీ వంతులవారీగా మోగుతున్నాయి. కండక్టరు డబ్బాని బెంచీ మీద పెట్టి, దాని మీద కూర్చున్నాడు. ఇప్పుడు అతని వీపు టీవీకి మొత్తంగా అడ్డమైంది. అతని చొక్కా జేబులో ఫోను కూడా మోగింది. తీసి చూసి కట్ చేశాడు.

"మా చెల్లెలు. పిచ్చుక వాళ్ళమ్మ. ఉత్త కంగారు మనిషి. అక్కడ పిల్లకి మంచినీళ్ళు ఇచ్చుకోక ఇక్కడికెందుకు ఫోన్లు? టైలరు అడిగింది మంచి మాట. టికెట్లు కొట్టాను. డ్యూటీ డ్యూటీయే. పెద్ద జడ్జీ గారున్నారే, ఎప్పుడూ మొహం గంటుపెట్టుకుని ఉంటాడాయన, ఆయన్ని కూడా వదల్లేదు. ఎక్కడిదాకా సార్ అన్నా. చరణం అయ్యేదాకా బాబూ అన్నాడు, కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. ఆయన ఏడుపుకి రోడ్డు తడిసి, వెనకొచ్చే బండ్లు జారుతున్నాయి. అందుకే ఆ రౌండు టీవీలో మీకు పూర్తిగా చూపించలేదు. కోసేశారు. మీరేమో ప్రకటనలు వచ్చాయనుకున్నారు. అమాయకులు."

"ఇక చాలించవయ్యా," అన్నారు మాస్టారు. "మమ్మల్ని మరీ చెవిలో పువ్వులు పెట్టుకున్నవాళ్ళలా చూస్తున్నావు. పిల్ల బాగా పాడుతోందంటే అది దాని కష్టం. ముందు ఓటు సంగతి చూడు."

"చూస్తా మాస్టారూ, చూస్తా. ఇలా మధ్యలో అడ్డుపడబట్టే ఆలస్యమవుతోంది, నా వల్ల కాదు. తల తీసి మొండెం వదిలేసినట్టు కథ ఇక్కడ ఆపమంటారా? అసలు సంగతి రానే లేదు. పోయిన వారం మా పిచ్చుక తారస్థాయిలో ఒక స్వరం అందుకుందే, గుర్తుందా? అది పైకెళ్ళిపోయింది. స్టూడియో రేకులు దాటి, మబ్బులు దాటి, ఆ టీవీ బొమ్మలు పంపించే శాటిలైట్ లేదూ, దాంట్లో ఇరుక్కుంది. ఇక చూస్కోండి, ఏ ఛానెల్ పెట్టినా అదే స్వరం. వార్తలు చదివే అమ్మాయి నోరు తెరిస్తే మా పిచ్చుక గొంతు. వాతావరణం చెప్పేవాడు వాన అనబోయి ఆలాపన ఎత్తుకున్నాడు. ఛానెళ్ళ వాళ్ళు లబోదిబోమంటూ పిచ్చుక కాళ్ళ మీద పడ్డారు. అది నా వైపు చూసింది. మామయ్యా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి అన్నట్టు."

"అన్నట్టా, అందా?"

"కళ్ళతో అంది చెల్లెమ్మా. నేను మేడ మీదకెళ్ళాను. ఆకాశంకేసి చూసి ఒక్క విజిల్. ఒక్కటే. ఒకటి ఊదితే ఆగాలి కదా. ఆగింది. అప్పటిదాకా గిరగిరా తిరుగుతున్న శాటిలైట్ నిలబడిపోయింది. స్వరం కిందకి రాలి పడింది, దుప్పటి పట్టుకుని అందుకున్నాం. మళ్ళీ రైట్ చెప్పడం మర్చిపోయా. ఇప్పటికీ అది కదల్లేదు, కావాలంటే బయటికెళ్ళి చూడండి, సరిగ్గా ఈ కొట్టు పైనే ఉంది. మరి మన ఓట్లు ఎంత సూటిగా పోతాయో ఆలోచించుకోండి. అందుకే కదా నేను కంగారుపడట్లేదు. ఇంతా చేసి ఒక్కరోజైనా నా పేరు చెప్పిందా ఆ టీవీలో? అమ్మకీ నాన్నకీ కృతజ్ఞతలంట, బేకరీలో తోటివాళ్ళకంట. నేను పట్టించుకోను. పెద్దవాళ్ళం. కానీ గెలిచాక చెప్పాలి. గెలిపించింది మా మామయ్య అని ఒక్క ముక్క. సరే, ఇక లేవండి. వరసగా నిలబడండి. తోసుకోకండి, అందరికీ ఇస్తాను."

లేచి, డబ్బా తెరిచి, టికెట్లు చింపి ఇచ్చినట్టు ఎవరి ఫోను వాళ్ళకి చేతిలో పెట్టాడు. ప్రతి ఫోనులోనూ పిచ్చుక వాళ్ళమ్మ చేసిన కాల్స్ ఉన్నాయి.

"పిచ్చుక ఓటు నంబరుకి చివర మూడు నొక్కాలి. టైలరూ, మూడు, కళ్ళజోడు పెట్టుకో. మాస్టారూ, ఒక్కళ్ళకే. రెడీయా? రైట్."

అందరూ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఎవరో ఒకావిడ గొంతు ఫోన్లన్నిట్లోంచీ ఒక్కసారే పలికింది. ఓటింగు సమయం ముగిసిందని, వాళ్ళ ఆసక్తికి ధన్యవాదాలని చెప్పింది.

టైలరు మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే చెప్పింది. మాస్టారు టీవీకేసి చూశారు. ఇందాకటిదాకా అడుగున పరుగెత్తుతున్న ఓటు నంబర్లు తెర మీద లేవు. సబ్బు ప్రకటన వస్తోంది.

"ఇది ఆ మిషను తప్పు," అన్నాడు కండక్టరు. "మన దెబ్బకి తట్టుకోలేక..."

అతని జేబులో ఫోను మోగింది. పిచ్చుక వాళ్ళమ్మ నంబరే. ఈసారి అందరూ చూస్తుండటంతో ఎత్తక తప్పలేదు. స్పీకరు పెట్టాడు. మాట్లాడింది పిచ్చుక.

"మామయ్యా, బ్రేకులో ఉన్నాను, ఒక్క నిమిషమే. మన వీధివాళ్ళందరూ వేసేశారా? చివర్లో చాలా దగ్గరదగ్గరగా ఉందంట. అమ్మ అందరికీ చేసింది, ఎవరూ ఎత్తలేదు. నాకు భయమేస్తోంది."

"భయమెందుకు తల్లీ, నేనుండగా. వేయకపోవడమేమిటి? మన వీధి ఓట్లకి అక్కడి మిషను ఉలిక్కిపడి..."

టీ కొట్టావిడ అతని చేతిలోంచి ఫోను లాక్కుంది.

"వేయలేదమ్మా. ఒక్కటి కూడా పడలేదు. మీ మామయ్య నిన్నెలా గెలిపించాడో చెప్తుంటే అందరం వింటూ కూర్చున్నాం."

అవతల వాద్యాలు శ్రుతి చేసుకుంటున్న చప్పుడు వినపడింది. ఎవరో పిచ్చుకని స్టేజీ మీదకి రమ్మని పిలుస్తున్నారు.

"నేనింకా గెలవలేదు కదా పిన్నీ," అంది పిచ్చుక.