కొబ్బరినూనె రాసిన బెల్టు

ఉప్పలగుప్తంలో, మెకానిక్ షెడ్డులో ఫోను మోగింది. చేపల వేటకెళ్లిన బావమరిది.

“బావగారూ, ఇంజను ఆగిపోయిందండి. బోటు సముద్రం లోపలికి కొట్టుకుపోతోందండి.”

“ఇంజనుకి డీజిలు పంపు చూసేవా?”

“బాగానే ఉందండి. గాలి పంపే తిరగట్లేదండి, బెల్టు జారిపోతోంది.”

“కొత్త బెల్టు జారడమేంటయ్యా?”

“కీచుమంటోందని కొబ్బరినూనె రాసేనండి.”

మెకానిక్ నుదురు కొట్టుకున్నాడు. “పాత ఇంజనైతే గాలి తనే పీల్చుకునేది. దీనికా పంపు తిరక్కపోతే ఊపిరాడదని చెప్పేనా లేదా?”

“ఆయ్, చెప్పేరండి.”

“సరే, మారు బెల్టు వెయ్యి.”

“మారు బెల్టంటేనండీ...”

“ఏం, పట్టుకెళ్లలేదా?”

“తెచ్చేనండి. మెత్తబడుతుందని వారం నుంచీ నూనెలోనే నానబెట్టేనండి.”

“పక్కన బోట్లేమైనా ఉన్నాయా?”

“తిరిగెళ్లిపోయేయండి.”

“ఒడ్డు కనబడుతోందా?”

“ఇందాక కనబడిందండి.”